తాళం చెవి తిప్పే ముందు అరనిమిషం

సూరత్ నగరాన్ని విడిచి తూర్పుగా ధూలే వైపు సాగే జాతీయ రహదారిమీద ముప్పై కిలోమీటర్లకు కొంచెం పైగా ప్రయాణిస్తే బార్డోలీ పట్టణం తగులుతుంది. ఆ పేరు వినగానే చదువుకున్నవారికి 1928 నాటి పన్ను నిరాకరణ సత్యాగ్రహమూ, అది వల్లభభాయి పటేలుకు సంపాదించిపెట్టిన ‘సర్దార్’ బిరుదమూ జ్ఞప్తికి వస్తాయి. ఆ దారిన వాహనం నడిపేవారికి మాత్రం బార్డోలీ అంటే చెరకు. శీతకాలం ప్రవేశించి, అక్కడి సహకార చక్కెర కర్మాగారంలో గానుగ మొదలైందంటే రహదారి స్వరూపమే మారిపోతుంది. తలకు మించిన బరువుతో చెరకు ట్రాక్టర్లు నడిరోడ్డుమీద నత్తనడక నడుస్తుంటాయి. వాటి వెనుక కార్లు బారులు తీరుతాయి. సందు దొరికినప్పుడు ఒక్కసారిగా వేగం పెంచి దాటడం, మరు కిలోమీటరులో మరొక ట్రాక్టరు వెనుక నిలిచిపోవడం, ఇదీ అక్కడి ప్రయాణం.

ఒకప్పుడు 6వ నంబరుగా ప్రసిద్ధమై ఇప్పుడు 53వ నంబరుతో వ్యవహరింపబడుతున్న ఈ రహదారి పడమటి తీరాన హజీరా నుంచి తూర్పు తీరాన పారాదీప్ దాకా పోతుంది. మరమగ్గాలను నమ్ముకొని సూరత్‌లో స్థిరపడిన తెలంగాణ పద్మశాలి కుటుంబాలకు ఇది పరాయి దారి కాదు. ధూలే మీదుగా స్వస్థలాలకు కారులో బయలుదేరినవారు బార్డోలీని దాటకుండా పోలేరు.

ధూలే నుంచి తిరిగి వస్తున్న కారు ఒకటి ఉన్నదనుకుందాం. కారు నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను. నవాపూర్, సోన్‌గఢ్ దాటి, దారిపొడవునా లారీలను వెనక్కు నెడుతూ, బార్డోలీ పొలిమేరలో ఒక భోజనశాల ముందు ఆగింది. పిల్లలు ఆకలి అంటున్నారు. డ్రైవరు కారును చెట్టునీడకు చేర్చి, మరుక్షణమే తాళం చెవి తిప్పి దిగిపోయాడు. ఇందులో తప్పు పట్టవలసినదేమీ పైకి కనబడదు. కానీ ఆ ఇంజను పక్కన, చేతిలో ఇమిడేటంత చిన్న పరికరం ఒకటి ఆ క్షణం నుంచి నిశ్శబ్దంగా మాడిపోవడం మొదలుపెడుతుంది. అదే టర్బోచార్జరు.

దాని సూత్రం కష్టమైనదేమీ కాదు. ఇంజనులో ఇంధనం మండిన తరువాత బయటికి పోయే పొగలో వేడీ, వేగమూ ఇంకా మిగిలే ఉంటాయి. ఆ పొగదారిలో ఒక చిన్న రెక్కల చక్రాన్ని నిలిపితే అది గిరగిర తిరుగుతుంది. దాని ఇరుసు రెండవ కొసన మరొక రెక్కల చక్రం ఉంటుంది. అది బయటి గాలిని పీల్చి, ఒత్తి, ఇంజనులోకి నెడుతుంది. గాలి ఎంత ఎక్కువగా చేరితే అంత ఎక్కువ ఇంధనాన్ని మండించవచ్చు. వృథాగా పోయే పొగ చేతనే చాకిరీ చేయించుకొని చిన్న ఇంజను పెద్ద ఇంజను బలాన్ని సంపాదిస్తుంది. చెరకు ట్రాక్టరును దాటడానికి యాక్సిలరేటరు తొక్కగానే కారు ముందుకు దూకేది దీనివల్లనే.

సూత్రం సులభమే గాని, దాని బతుకు మాత్రం సులభమైనది కాదు. చిన్న కార్లలోని టర్బో ఇరుసు పూర్తి బరువుమీద నిమిషానికి 2 లక్షల చుట్లకు పైగా తిరుగుతుంది. అంటే సెకనుకు మూడువేల పైమాటే. ఇంట్లో తలమీద తిరిగే ఫ్యాను నిమిషానికి మూడు నాలుగు వందల చుట్లే తిరుగుతుందని గుర్తుంచుకుంటే ఈ వేగం ఎటువంటిదో బోధపడుతుంది. ఒక పక్క చక్రాన్ని తాకే పొగ వేడి డీజిల్ కార్లలో 700, 800 డిగ్రీల దాకా పోతుంది. పెట్రోలు కార్లలో 900 కూడా దాటుతుంది. ఇంతటి వేగాన్ని, వేడిని భరించే ఇరుసుకు ఆధారం చాలా కార్లలో ఉక్కు గుండ్ల బేరింగు కూడా కాదు. లోహపు బుష్షులు, వాటికీ ఇరుసుకూ నడుమ తలవెంట్రుక కంటె పలుచని ఇంజను ఆయిలు పొర. ఇరుసు లోహంమీద తిరగదు, ఆయిలుమీద తేలుతుంది. ఆ ఆయిలు ప్రవహిస్తున్నంత సేపూ ఇరుసును మోస్తుంది, దాని వేడిని కూడా తనతో మోసుకుపోతుంది. ఆ ఆయిలును తోసేది ఇంజను నడిపే పంపు. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది, ప్రవాహమూ ఆగుతుంది.

వేడి మాత్రం ఆగదు. బెల్లం వండే చోట ఒకసారి నిలబడినవారికి ఈ సంగతి వివరించనక్కర లేదు. అనకాపల్లిలోనైనా, బార్డోలీ పొలాల్లోనైనా పాకం దించిన పెనాన్ని ఖాళీగా మంటమీద ఎవరూ వదలరు. కలియబెడుతున్నంత సేపూ మాడని పాకం, కదలిక ఆగి, అడుగున పలుచని పూతగా మిగిలినప్పుడు క్షణాల్లో నల్లబడి పెచ్చు కడుతుంది. టర్బోలోనూ అదే జరుగుతుంది. ఎర్రగా కాగిన పొగచక్రం నుంచి వేడి ఇరుసు వెంబడి బేరింగు గదిలోకి పాకుతుంది. ఇంజను ఆపిన తరువాత కొన్ని నిమిషాలపాటు ఆ గది వేడి తగ్గకపోగా పెరుగుతుంది. అక్కడ నిలిచిపోయిన కొద్దిపాటి ఆయిలు మాడి, గట్టి మసిగా ఇరుసును, ఆయిలు వచ్చే సన్నని దారులను పట్టుకుంటుంది. ఒక్కనాటితో ఏమీ కాదు. రోజూ జరిగితే దారి సన్నబడుతుంది, ఆయిలు తగ్గుతుంది, తగ్గినకొద్దీ మాడడం ఎక్కువవుతుంది. ఆఖరుకు ఒకనాడు, ఏ కారణమూ లేనట్లుగా, ఇరుసు బుష్షును రాపాడి ఊగిపోతుంది. రెక్కలు గూటి గోడను తాకుతాయి.

దీనికి విరుగుడు అరనిమిషం. గట్టిగా నడిపిన ప్రయాణం తరువాత ఇంజనును ఆపకుండా, యాక్సిలరేటరు ముట్టకుండా అరనిమిషం నుంచి ఒక నిమిషం దాకా నెమ్మదిగా తిరగనిస్తే చాలు. కొండదారి ఎక్కివచ్చినా, సామానుతో దూసుకు వచ్చినా రెండు నిమిషాలు. ఆ కాస్త వ్యవధిలో పొగ చల్లబడుతుంది, ఇరుసు వేగం పడిపోతుంది, ఆయిలు తన దారిన వేడిని తీసుకుపోతుంది. ఈ నిమిషానికి ఖర్చయ్యే డీజిలు విలువ ఒక రూపాయికి అటూ ఇటూగా ఉంటుంది. టర్బో వెల కారునుబట్టి పదుల వేలల్లో ఉంటుంది, పెద్ద కార్లకు లక్ష దాటడమూ కలదు. కిరాయికి తిప్పే డ్రైవరుకైతే నష్టం అంతటితో పోదు. కారు షెడ్డులో పడి ఉన్నన్నాళ్ళూ రాబడి ఉండదు. బ్యాంకు వాయిదా మాత్రం తన తేదీకి తాను వచ్చి నిలుస్తుంది.

అయితే దీనిని చాదస్తంగా మార్చుకోనక్కర లేదు. రహదారి విడిచి ఊరి వీధుల్లో చివరి రెండు కిలోమీటర్లు నింపాదిగా నడిపినవారి టర్బో ఇంటికి చేరేసరికే చల్లారి ఉంటుంది. మళ్ళీ గుమ్మం ముందు ఇంజను తిప్పుతూ కూర్చోవడం ఇరుగుపొరుగులకు పొగ పెట్టడమే. బజారుకు పోయి వచ్చిన కారుకు కూడా ఈ నియమం వర్తించదు. ఇటీవలి పెట్రోలు కార్లలో చాలావాటికి బేరింగు గది చుట్టూ నీరు ప్రవహించే ఏర్పాటున్నది. కొన్నిటిలో ఇంజను ఆగిన తరువాత కూడా ఆ నీటిని తిప్పే విద్యుత్ పంపు ఉంటుంది. వాటికి ప్రమాదం తక్కువ. కానీ అనేక చిన్న డీజిల్ కార్లలో టర్బోను చల్లార్చేది ఆయిలు ఒక్కటే. 2007లో మన దేశంలో విడుదలైన మారుతీ స్విఫ్ట్ డీజిల్ కారులోనూ, దాని తరువాత మరికొన్ని సంస్థల కార్లలోనూ వాడిన 1,248 సీసీల ఫియట్ ఇంజను ఇందుకు ఉదాహరణ. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-6 నిబంధనలు అమలులోకి రావడంతో మారుతీ సంస్థ డీజిల్ కార్ల తయారీ మానుకున్నది గాని, అంతకుముందు అమ్ముడైనవి లక్షల సంఖ్యలో నేటికీ రోడ్లమీద ఉన్నవి. వాటి యజమానులలో పలువురు రెండవవారు, మూడవవారు. కారుతోపాటు వచ్చిన చిన్న పుస్తకం చేతులు మారేటప్పుడు ఎక్కడో జారిపోతుంది. అందులో ఈ అరనిమిషం సంగతి అచ్చువేసి ఉన్నదని వారికి తెలిసే అవకాశమే లేదు.

ఇంజను ఆపే ముందు ఒకసారి యాక్సిలరేటరును గట్టిగా తొక్కి, ఆ హోరులోనే తాళం తిప్పే అలవాటు పాతకాలపు డ్రైవర్లలో ఇంకా కనిపిస్తుంది. అంబాసిడరు, ఫియట్ కార్ల రోజుల్లో దానివల్ల లాభమో నష్టమో గాని, టర్బో ఉన్న కారుకు అంతకంటె చెరుపు చేసే పని మరొకటి లేదు. ఇరుసును ఒక్కసారిగా పరుగెత్తించి, పరుగు మధ్యలో దాని కాళ్ళకింద ఆయిలు లాగివేయడమే అది. ఉదయం స్టార్టు చేసిన వెంటనే తొక్కడం కూడా ఈ కోవలోదే. రాత్రంతా నిలిచిన ఆయిలు అడుగుకు జారి ఉంటుంది. అది తిరిగి టర్బోను చేరడానికి కొన్ని క్షణాలు పడుతుంది. చోద్యమేమంటే మన వాహనచోదకులలో చాలామంది ఉదయం అయిదేసి నిమిషాలు ఇంజనును ఊరికే తిప్పుతారు, రాత్రి మాత్రం ఒక్క క్షణం ఆగరు. ఉదయం పదిహేను, ఇరవై సెకండ్లు చాలు. ఆ తరువాత రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడుపుతూ ఆయిలును వేడెక్కనివ్వడమే సరైన పద్ధతి.

యజమాని నుంచి చిన్నపాటి శ్రద్ధను ఆశించడం ఈ యంత్రానికి పుట్టుకతో వచ్చిన గుణం. స్విట్జర్లాండు దేశీయుడు ఆల్ఫ్రెడ్ బ్యూషీ 1905లో దీనికి పేటెంటు పొందాడు. పనికివచ్చే రూపం తేవడానికి ఆయనకు ఇరవై ఏళ్ళు పట్టింది. 1925లో డీజిల్ ఇంజను శక్తిని నలభై శాతానికి పైగా పెంచి చూపించాడు. మొదట ఓడలకు, ఆ పిదప లారీలకు అబ్బిన ఈ సాధనం కార్లలోకి వచ్చింది 1962లో. ఆ ఏడు అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కార్వేర్ అనే రెండు కార్లకు టర్బోలను అమర్చింది. వాటిలో జెట్‌ఫైర్ కథ చెప్పుకోదగినది. దాని ఇంజనులో పెట్రోలు అకాలంగా పేలకుండా, శుద్ధజలమూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని సన్నగా చిమ్మేవారు. ఆ ద్రవం ఒక చిన్న తొట్టిలో ఉండేది. అది ఖాళీ అయితే కారు తన శక్తిని తానే తగ్గించుకునేది. యజమాని చేయవలసిందల్లా తొట్టిని నింపుతూ ఉండడమే. ఆ ఒక్క పనినే చాలామంది చేయలేదు. కారు మందగించిందని ఫిర్యాదులు మాత్రం చేశారు. చివరకు 1965లో టర్బోలను ఊడదీసి మామూలు కార్బ్యురేటరును అమర్చిపెట్టే ఏర్పాటు సంస్థే చేయవలసి వచ్చింది. కార్లలో టర్బోకు మళ్ళీ మంచి రోజులు రావడానికి 1978 నాటి సాబ్ 99 టర్బో, మెర్సిడీస్ 300 ఎస్‌డీ వంటి కార్లు కావలసి వచ్చాయి. జెట్‌ఫైర్ యజమానులను చూసి నవ్వుకోవడం తేలికే గాని, నేటి యజమానుల నుంచి టర్బో ఆశించేది అంతకంటె తక్కువ. అదీ దక్కడం లేదు.

అరనిమిషం తరువాత లెక్కించవలసినది ఆయిలు. నిజానికి అది అరనిమిషం కంటె ముఖ్యమైనదే. మాసిన ఆయిలుతో ఇంజను చాలాకాలం నెట్టుకురాగలదు, టర్బో నెట్టుకురాలేదు. అంత పలుచని పొరలో తేలే ఇరుసుకు కంటికి కనబడని మసిరేణువు కూడా ఆకురాయి వంటిది. చాలా కార్లకు 10,000 కిలోమీటర్లకో, ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు ఆయిలును, దాని ఫిల్టరును మార్చాలని నిర్ణయిస్తారు. అయితే దుమ్ము దారులు, ఆగి సాగే రద్దీ, పొట్టి ప్రయాణాలు గల చోట్ల ఇంకా ముందే మార్చాలని అదే పుస్తకంలో మరొక పుటలో ఉంటుంది. గానుగ కాలంలో బార్డోలీ రహదారిని రోజూ వాడే కారుకు ఈ మూడూ వర్తిస్తాయి. అటువంటి కారు యజమాని గడువు దాటించి ఆదా చేశాననుకోవడం ఉత్త భ్రమ.

ఏ ఆయిలు అన్నది మరొక చిక్కు. చిక్కని ఆయిలు అయితే ఇంజనుకు రక్షణ ఎక్కువ అన్న నమ్మకం మన షెడ్డుల్లో పాతుకుపోయింది. ట్రాక్టరుకు పోసే 20-డబ్ల్యు-40 డబ్బానే కారుకూ పోసే మెకానిక్కులు లేకపోలేదు. 5-డబ్ల్యు-30 కోరే ఇంజనులో దానిని పోస్తే ఉదయపు చలిలో అది సన్నని గొట్టాలగుండా టర్బోను చేరేసరికి ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యానికి ఇరుసే మూల్యం చెల్లిస్తుంది. వెలనుబట్టి కాక, తయారీదారు చెప్పిన ప్రమాణాన్నిబట్టి ఆయిలు కొనాలి. డబ్బా సీలును యజమాని కళ్ళ ఎదుటే తీయించుకోవడంలో మొగమాటపడవలసినది ఏమీ లేదు.

డిప్‌స్టిక్కును నెలకు రెండుసార్లయినా చూసే అలవాటు ఒకప్పుడు ప్రతి కారు యజమానికీ ఉండేది. ఇప్పుడు అది అంతరిస్తున్నది. ఆయిలు తగ్గితే ప్రమాదమని అందరికీ తెలుసు. పెరిగినా ప్రమాదమేనని కొద్దిమందికే తెలుసు. భారత్ స్టేజ్-6 డీజిల్ కార్ల పొగదారిలో మసిని పట్టి ఉంచే ఫిల్టరు ఒకటున్నది. అది నిండినప్పుడల్లా ఇంజను తనంత తానే కొంచెం ఎక్కువ డీజిలు చిమ్మి, ఆ మసిని కాల్చివేస్తుంది. ఈ పని సగంలో ఉండగా మాటిమాటికీ ఇంజనును ఆపివేస్తుంటే, మండని డీజిలు గోడలవెంట జారి ఆయిలులో కలుస్తుంది. మట్టం పెరుగుతుంది, ఆయిలు పలుచనవుతుంది, ఇరుసును మోసే బలం దానికి పోతుంది. కూరగాయలకు, పిల్లల బడికి మాత్రమే తిరిగే డీజిల్ కారుకు ఇది తరచు సంభవించే వ్యాధి. వారానికి ఒకసారి రహదారిమీద అరగంట సమవేగంతో నడపడమే దీనికి చికిత్స. రెక్కల కోణాన్ని మార్చుకోగల రకం టర్బోలలో ఆ రెక్కలు మసిపట్టి బిగుసుకుపోకుండా కూడా ఈ పరుగు కాపాడుతుంది.

ఇక గాలి సంగతి. టర్బో పీల్చే గాలిలోని ఇసుకరేణువు అంత వేగంతో తిరిగే అల్యూమినియం రెక్కల అంచును కొరికివేస్తుంది. గాలి ఫిల్టరు కాగితం చిరగకుండా ఉన్నంతవరకు భయం లేదు. కానీ ఫిల్టరును గాలిగొట్టంతో ఎదురొత్తిడి పెట్టి ఊది, కాగితానికి కనబడని చిల్లులు పొడిచేవారు ఉన్నారు. డబ్బా మూత క్లిప్పు విరిగితే తీగతో కట్టి పంపేవారూ ఉన్నారు. ఎండు చెరకు ఆకు, పొలాల దుమ్ము రేగే దారిలో ఆ సందు చాలు. చెరకు తోటలున్న చోట ఎలుకలకు కొదవ ఉండదు. కొన్నాళ్ళు కదలని కారులో వెచ్చని, చీకటి గూడు వెతుక్కునే ఎలుకకు ఫిల్టరు డబ్బా ఎంతో అనువైనది. అది కొరికిపెట్టిన కాగితం ముక్క, గుడ్డ పీలిక టర్బో నోట పడితే ఏమవుతుందో చెప్పనవసరం లేదు.

కదలని కార్లు బార్డోలీ ప్రాంతంలో అరుదు కావు. చుట్టుపక్కల పల్లెల నుంచి బ్రిటన్‌కు, అమెరికాకు, న్యూజిలాండుకు వలసవెళ్ళిన కుటుంబాలు చాలా ఉన్నవి. స్వగ్రామంలో ఇల్లు ఉంటుంది, ఇంటి ముందు కారు ఉంటుంది, మనుషులు మాత్రం శీతకాలంలో వస్తారు. కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల్లోని పెద్ద ఇళ్ళ పరిస్థితి కూడా ఇంచుమించు ఇదే కాబట్టి తెలుగు పాఠకులకు ఇది అర్థం కాని విషయం కాదు. ఎనిమిది నెలలు నిలిచిన కారును విమానం దిగిన మరునాడే స్టార్టు చేసి, పెళ్ళికి వేళ మించిపోతున్నదని రహదారిమీద పరుగెత్తించడం టర్బోకు పెద్ద పరీక్ష. కిలోమీటర్లు తిరగకపోయినా ఏడాది నిండిన ఆయిలును మార్పించి, ఫిల్టరు డబ్బా తెరిపించి చూసి, మొదటి నిమిషం ఇంజనును నెమ్మదిగా తిరగనిచ్చి, మొదటి అరగంట తగ్గు వేగంతో నడపాలి. ఇంటికి కాపలా ఉండేవారిచేత పక్షానికి ఒకసారి కారును నాలుగు మైళ్ళు తిప్పించడం ఇంకా మేలు. ఇంటి ముందే అయిదు నిమిషాలు స్టార్టు చేసి ఆపడం వల్ల ఆయిలు సరిగా వేడెక్కదు, అందులో చేరిన తేమ పోదు.

టర్బో చెడకుండానే చెడిందన్న నింద మోయడం కూడా కలదు. కారు బలం తగ్గి, నల్లపొగ కక్కుతూ, ఈలవంటి శబ్దం చేస్తే షెడ్డులో వినబడే మొదటి మాట ‘టర్బో పోయింది’ అన్నదే. చాలాసార్లు పోయింది టర్బో కాదు. టర్బో నుంచి ఇంజనుకు గాలిని చేరవేసే రబ్బరు గొట్టం పగిలి ఉంటుంది, లేదా దాని క్లిప్పు వదులై ఉంటుంది. గొట్టం వెల కొన్ని వందలు, మహా అయితే కొన్ని వేలు. అయితే ఆ చీలికను పట్టించుకోకుండా నడిపితే, కారిపోయే గాలిని పూరించబోయి టర్బో తన శక్తికి మించి తిరుగుతుంది; అప్పుడు నింద నిజమవుతుంది. గొట్టం ఊడదీసి లోపల ఆయిలు తడి చూపించి భయపెట్టడం మరొక పద్ధతి. ఇంజను శ్వాసతోపాటు కొద్దిపాటి ఆయిలు ఆవిరి ఆ గొట్టాల్లో చేరడం సహజమే. ఇరుసును వేలితో అటూ ఇటూ కదిపినప్పుడు పక్కలకు కొంచెం కదలడం కూడా సహజమే, ఎందుకంటే అది ఆయిలులో తేలవలసినది. ముందుకూ వెనక్కూ కదిలినా, రెక్కలు గోడను రాసిన గుర్తులున్నా, అప్పుడు నమ్మవచ్చు.

నిజంగానే మార్చవలసి వచ్చినప్పుడు యజమాని అడగవలసిన ప్రశ్న ‘కొత్తది ఎంత?’ అన్నది కాదు, ‘పాతది ఎందుకు పోయింది?’ అన్నది. ఈ ప్రశ్నకు జవాబు దొరకకుండా కొత్త టర్బో బిగిస్తే అది కూడా కొద్ది వారాల్లో అదే దారి పట్టే అవకాశం ఎక్కువ. పాత టర్బోను చంపిన మసి ఆయిలు తెచ్చే సన్నని గొట్టంలోనే కూర్చొని ఉంటుంది. కొన్ని కార్లలో ఆ గొట్టం బోల్టులోనే చిన్న జల్లెడ ఉంటుంది. అది మూసుకుపోయిందేమోనని చూసేవారు తక్కువ. ఆ గొట్టాన్ని కడగడం కంటె కొత్తది వేయడం క్షేమం. ఆయిలు, ఫిల్టరు తప్పనిసరిగా మార్చాలి. ఆయిలు గొట్టం అతుకు దగ్గర గ్యాస్కెటుకు బదులు జిగురు పూసే అలవాటును వారించాలి. ఆ జిగురు తునిగి లోనికి పోయి దారిని మూసివేస్తుంది. బిగించే ముందు కొత్త టర్బో ఆయిలు రంధ్రంలో శుభ్రమైన ఆయిలు పోసి, ఇరుసును చేతితో తిప్పి తడపాలి. ఈ చివరి పని పూర్తి కావడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. అది చేయకపోతే కొత్త టర్బో పొడి బేరింగుతో తన మొదటి క్షణాలను గడుపుతుంది.

ప్రాణానికి సంబంధించిన విషయం ఒకటున్నది. డీజిల్ కారులో టర్బో పూర్తిగా చెడి, ఇంజను ఆయిలు గాలిదారిలోకి కారడం మొదలైతే, ఇంజను ఆ ఆయిలునే ఇంధనంగా మండించుకోగలదు. అప్పుడు తాళం తిప్పినా ఆగదు. తెల్లని, నీలపు పొగ మేఘాలతో హోరెత్తుతూ తనంత తాను వేగం పెంచుకుంటుంది. ఇది తరచు జరిగేది కాదు గాని, జరిగినప్పుడు ఆలోచించే వ్యవధి ఉండదు. చేతితో గేరు మార్చే కారు అయితే, కారును నిలిపి, చేతి బ్రేకు లాగి, పై గేరులో వేసి, కాలి బ్రేకును బలంగా తొక్కిపట్టి, క్లచ్చిని ఒక్కసారిగా వదలాలి. ఇంజను ఊపిరాడక ఆగిపోతుంది. అది సాధ్యం కాకుంటే అందరూ దిగి దూరంగా పోవడమే ఉత్తమం. బోనెట్టు ఎత్తి ఆ ఇంజనుమీదికి వంగడం మాత్రం ఎంతటి సాహసికీ తగదు. ఇంతదాకా రాకముందే టర్బో కొన్ని సూచనలు ఇస్తుంది: స్టార్టు చేయగానే నీలపు పొగ, డిప్‌స్టిక్కుమీద కారణం లేకుండా పడిపోతున్న మట్టం, సైరను కూతలా రోజురోజుకూ పెరిగే ధ్వని. వీటిలో ఏది కనిపించినా దూరప్రయాణం మానుకోవాలి.

పాత డీజిల్ కారు కొనేవారు కూడా ఈ సూచనలనే వెతకాలి. అమ్మేవారు కారును ముందే స్టార్టు చేసి వేడిగా ఉంచితే ఉదయపు నీలపు పొగ కనబడదు. బేరానికి వెళ్ళినప్పుడు బోనెట్టుమీద చెయ్యి వేసి చూసి, వెచ్చగా తగిలితే కబురు చెప్పకుండా మరునాటి ఉదయం మళ్ళీ వెళ్ళి, తమ ఎదుటే చల్లని ఇంజనును స్టార్టు చేయించుకోవడం మంచిది. ఆయిలు మార్పించిన రసీదులు ఉన్నాయా, వాటిమీది కిలోమీటర్లకూ తేదీలకూ పొంతన ఉన్నదా అని చూడాలి. ఆ తరువాత అమ్మేవారినే నడపమని పక్కన కూర్చుంటే, పది కిలోమీటర్లు గట్టిగా తిప్పి తెచ్చిన కారును వారు ఎంతసేపటికి ఆపుతారో కూడా గమనించవచ్చు.